ఎండుటాకులు, కొవ్వొత్తులు ఒకే బల్ల మీద: శరత్కాలపు అలంకరణపై మీ ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పోయిన శరత్కాలంలో హాలు నిండా ఇరవై కొవ్వొత్తులు పెట్టారు. వాటి చుట్టూ రాలిన ఆకులు, పైన్ కాయలు పేర్చారు. పై లైటు వేసే ఉంచారు. అంత కష్టపడినా అనుకున్న కళ రాలేదు. పైగా గోడకు మసి పట్టింది, ఒక ఆకు అంచు కాలి గుండె ఝల్లుమంది. ఈసారి ఏ రకం కొవ్వొత్తులు కొనాలి, ఎన్ని కొనాలి, అసలు ఆకులు పెట్టొచ్చా అని అడిగారు. గోడ మీద మసి ఎలా పోతుందని కూడా చివర్లో అడిగారు.

జవాబు ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. సంఖ్య తగ్గించండి. పై లైట్లు ఆర్పండి. మంటను కిందికి దించండి. ఆకుల్ని గాజుకు బయటే ఉంచండి. మామూలు హాలుకు ఏడు మంటలు సరిపోతాయి. ఒకటి తప్ప మిగతావన్నీ వాసన లేనివే తీసుకోండి. ఆకులు తప్పకుండా పెట్టండి, అవి లేకపోతే ఈ కాలపు అలంకరణే కాదు. వాటికీ మంటకీ మధ్య ఒక గాజు గోడ ఉంటే చాలు.

నేను పదహారేళ్లుగా మైనం కరిగించి కొవ్వొత్తులు పోసి అమ్ముతున్నాను. పొద్దు కుంచించుకుపోయే ఈ నెలల్లో ఇళ్లకు వెళ్లి అలంకరణ చేసి వస్తుంటాను. మీకు జరిగినట్టే చాలా ఇళ్లలో జరగడం చూశాను. కొవ్వొత్తుల్లో లోపం ఉండటం అరుదు. దాదాపు ప్రతిసారీ వెలుతురు లెక్క దగ్గరే తేడా వస్తుంది.

ఆ లెక్క ఇది. కాంతి తీవ్రతను కొలిచే క్యాండెలా అనే ప్రమాణానికి ఆ పేరు కొవ్వొత్తి నుంచే వచ్చింది. మామూలు కొవ్వొత్తి మంట సుమారు ఒక క్యాండెలా ఇస్తుంది. అన్ని దిక్కులకూ పోయే వెలుగంతా కలిపితే 12 ల్యూమెన్ల చిల్లర. గదికి పెట్టుకునే మామూలు ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే 800 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. మీ ఇరవై కొవ్వొత్తులూ కలిసి ఇచ్చింది 250 అనుకోండి. పైన ఆ బల్బు వెలుగుతున్నంతసేపూ ఇరవై కాదు, నలభై పెట్టినా కంటికి ఆనవు. అది ఆర్పేస్తే ఏడింటికే గది నిండుతుంది.

అలాగని గదంతా కటిక చీకటి చేయొద్దు, మనుషులు తిరిగే దారి కనబడాలి. మూలన ఒక చిన్న బల్ల దీపం ఉంచి, దాని ముఖం గోడ వైపు తిప్పండి. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద 2,700 కెల్విన్ అని ఉన్నది చూసుకోండి. కొవ్వొత్తి మంట రంగు 1,900 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, పగటి వెలుగు 5,500 పైన. ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎరుపుకు దగ్గరవుతుంది. తెల్లటి బల్బు పక్కన కొవ్వొత్తి పెడితే బల్బు నీలంగా, మంట మాసిన పసుపుగా కనిపించి రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

ఈ రంగు సంగతి శరత్కాలానికి అచ్చంగా కలిసొస్తుంది. ఇటుక ఎరుపు, తుప్పు రంగు, ఆవాల పసుపు, ముదురు గోధుమ ఇవన్నీ మంట వెలుగులో పగటికంటే నిండుగా కనిపిస్తాయి. నీలం, ఊదా మాత్రం చచ్చిపోతాయి, ఎందుకంటే వాటిని చూపించే నీలి కాంతి ఆ మంటలో చాలా తక్కువ. ఒక ఇంట్లో వాళ్లు ముచ్చటపడి తెచ్చుకున్న ముదురు నీలం బల్లగుడ్డ పరిచాం. పగలు చూస్తే ఎంతో బాగుంది. సందె చీకట్లో ఏడు కొవ్వొత్తులు వెలిగించేసరికి బల్ల ఉండాల్సిన చోట నల్లటి గొయ్యి ఉన్నట్టు, పళ్లేలు గాల్లో తేలుతున్నట్టు కనిపించింది. అప్పటికప్పుడు అది తీసేసి రంగు వేయని ముతక నార గుడ్డ పరిస్తే గది ఒక్కసారిగా వెచ్చబడింది. అందుకే గుడ్డలు, పళ్లేలు ఎంచుకునే పని రాత్రిపూట మంట ముందు పెట్టుకుని చేయండి.

ఇక ఎక్కడ పెట్టాలి? వెలుగు రెట్టింపు దూరం పోతే నాలుగో వంతే మిగులుతుంది. గది నడుమ, చుట్టూ ఏమీ లేని చోట పెట్టిన కొవ్వొత్తి తన వెలుగంతా ఖాళీలోకి పోగొట్టుకుంటుంది. అదే మంటకు రెండు జానల దూరంలో ఒక గోడో, అద్దమో, ఇత్తడి పళ్లెమో ఉంటే ఆ వెలుగు తిరిగి మన కళ్లకు చేరుతుంది. 'దీపం కింద చీకటి' అన్న మాట లావుపాటి కొవ్వొత్తి విషయంలో అక్షరాలా నిజం. దాని మొదట్లో మీరు ఎంత అందంగా ఆకులు పేర్చినా వాటి మీద దాని నీడే పడుతుంది. ఆకుల మీద వెలుగు పడాలంటే పక్కనున్న కొవ్వొత్తి నుంచి పడాలి. అందుకే ఒక్కటి కాక, ఎత్తుపల్లాలుగా మూడు కలిపి పెట్టమంటాం. ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది.

నేనైతే మీ ఏడింటినీ ఇలా పంచుతాను. సోఫా ముందున్న బల్ల మీద ఒకే పళ్లెంలో మూడు లావుపాటివి, మూడు వేర్వేరు ఎత్తులవి. గోడ పక్క బల్ల మీద ఇంకో మూడు, వెనకాల అద్దం గానీ నిలబెట్టిన ఇత్తడి పళ్లెం గానీ ఉండాలి. ఏడోది ఒంటరిగా, గుమ్మంలో నిలబడి చూస్తే గది చివర కనబడేలా. ఆ ఒక్కటే గదికి లోతు తెస్తుంది. చాలామంది దాన్ని అనవసరమనుకుని తీసేస్తారు, నేను మాత్రం మిగతావాటిలో ఒకటి తగ్గించైనా దాన్ని ఉంచుతాను.

కిటికీ గురించి ఒక మాట. శరత్కాలంలో త్వరగా పొద్దు గూకుతుంది కాబట్టి మీరు కొవ్వొత్తులు వెలిగించే వేళకు బయట చీకటే ఉంటుంది. అప్పుడు కిటికీ గాజు నల్లటి అద్దమైపోతుంది. రెండు పొరల గాజైతే ఒక్కో మంటకు రెండు ప్రతిబింబాలు, కాస్త ఎడంగా, ఒకటి గట్టిగా ఒకటి మసకగా కనిపిస్తాయి. ఆ దృశ్యం నాకు ఎన్నేళ్లయినా విసుగు పుట్టలేదు. కానీ కొవ్వొత్తిని కిటికీ గట్టు మీదే పెట్టకండి, అక్కడ తెరలుంటాయి, సందుల్లోంచి గాలి కొడుతుంది. కిటికీకి ఎదురుగా ఒక చిన్న బల్ల వేసి దాని మీద పెట్టండి. తెర గుడ్డకు కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. గాలికి తెర ఎంత దూరం ఎగురుతుందో చూసి, ఆ చివర నుంచి కొలవాలి.

ఎత్తు విషయం. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో మంట ఉంటే అది కంట్లో పొడుస్తుంది, ఎదుటివాళ్ల ముఖం కనబడదు. పొట్టివైనా పెట్టండి, లేదా కళ్లు దాటిపోయేంత పొడుగువైనా పెట్టండి. మధ్యరకం వద్దు. అలంకరణ పూర్తయ్యాక నేను ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూస్తాను. నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి.

ఇప్పుడు ఆకుల సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే.

మీరు రాసింది చదవగానే నాకు ఒక రాత్రి గుర్తొచ్చింది. తొలినాళ్లలో ఒక ఇంట్లో విందు బల్ల మీద సన్నటి పొడుగు కొవ్వొత్తులు నిలబెట్టి, ఒక్కో కొవ్వొత్తి సెమ్మె మెడకు ఆకుల దండ చుట్టాను. సాయంత్రం ఆరింటికి మంటకూ ఆకులకూ మధ్య జానెడు దూరం ఉంది. సన్నటి కొవ్వొత్తి గంటకు సుమారు రెండున్నర సెంటీమీటర్లు తరిగిపోతుంది. పది గంటలకల్లా మంట పది సెంటీమీటర్లు కిందికి దిగింది. ఈలోపు మంట వేడికి ఆకులు ఇంకా ఎండి, పొద్దున నేను అణిచి కట్టిన అంచులు పైకి ముడుచుకుని లేచాయి. మంట కిందికి దిగుతోంది, ఆకు పైకి లేస్తోంది. అటుగా వెళ్తున్న ఒకావిడ చూసి ఒక గిన్నె బోర్లించి ఆర్పేశారు కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లో జరిగింది కూడా ఇదే అయ్యుంటుంది. మీరు పేర్చినప్పుడున్న దూరం మూడు గంటల తర్వాత ఉండదు. ఆరింటికి భద్రంగా ఉన్న అలంకరణ పదింటికి భద్రంగా ఉందో లేదో ఊహించి పేర్చాలి.

పైన్ కాయలకూ ఇదే వర్తిస్తుంది, ఇంకాస్త ఎక్కువగా. తేమలో ఏరుకొచ్చిన కాయ మూసుకుని ఉంటుంది. ఇంట్లో పొడి గాలికి రెండు రోజుల్లో దాని రేకులు విచ్చుకుని వెడల్పవుతుంది. పైగా వాటిలో జిగట బంక ఉంటుంది, అంటుకుంటే ఆరడం కష్టం. నేను వాటిని మంట ఉన్న పళ్లెంలో అసలు పెట్టను. అరల్లోనూ గుమ్మం దగ్గర బుట్టలోనూ పెడతాను.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. కొవ్వొత్తిని రెండు వైపులా తెరిచి ఉన్న గాజు గొట్టంలోనో, అడుగున్న పెద్ద గాజు పాత్రలోనో నిలబెడతాను. గాజు అంచు మంట కొసకంటే కనీసం నాలుగు వేళ్లు ఎత్తుండాలి, కొవ్వొత్తి చుట్టూ లోపల నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. ఇరుకు గాజైతే గాలి ఆడక మంట మసి కక్కుతుంది, గాజు వేడెక్కి చిట్లుతుంది. రెండు వైపులా తెరిచిన గొట్టానికి అడుగున రెండు సన్నటి రాళ్ల పలకలు పెట్టి కాస్త లేపితే కింది నుంచి గాలి అందుతుంది, మంట నిలకడగా నిలబడుతుంది. పాత్ర అడుగున ఇసుక గానీ గులకరాళ్లు గానీ పోయండి. ఎండు గింజలు, కాయలు, బెరడు ముక్కలు పోయడం చిత్రాల్లో బాగుంటుంది కానీ అవి మండే సరుకు. ఆకులు, గోధుమ కంకులు, ఎండు కొమ్మలు గాజుకు బయట, పడుకోబెట్టి.

ఆకులు ఎలా సిద్ధం చేయాలో కూడా చెబుతాను, నాకు చాలా ఇష్టమైన పని ఇది. అప్పుడే రాలినవి, ఇంకా ముడుచుకోనివి ఏరండి. ముట్టుకుంటే మెత్తగా, కాస్త చల్లగా ఉండాలి. గలగలమంటే ఆలస్యమైనట్టే. రెండు దినపత్రికల మధ్య ఒక్కో ఆకూ ఒకదాన్నొకటి తాకకుండా పరిచి, పైన బరువు పెట్టి పది రోజులు వదిలేయండి. మొదటి మూడు రోజులూ కాగితాలు మార్చండి, లేకపోతే తేమకు ఆకు నల్లబడుతుంది. ఇలా చేస్తే చదునుగా ఉంటాయి, ముడుచుకోవు. మెత్తదనం కూడా కావాలంటే ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, వెడల్పు పళ్లెంలో ఆకుల్ని పూర్తిగా మునిగేలా ఉంచండి. మూడు నాలుగు రోజులకు నీటి స్థానంలో గ్లిజరిన్ చేరి ఆకు పలచటి తోలులా వంగుతుంది. తీసి తుడిచి ఆరబెడితే కాలమంతా విరగదు.

రంగుల్లో ఒక తేడా తెలిసి ఉంటే మంచిది. ఆకులో ఆకుపచ్చటి పత్రహరితం విరిగిపోయాక అంతవరకూ దాని వెనక దాక్కున్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా దాక్కున్నది కాదు, ఆంథోసయనిన్ల వల్ల చాలా చెట్లలో అప్పుడు కొత్తగా పుట్టేది. నా అనుభవంలో పసుపు ఆకులు వారాల తరబడి నిలుస్తాయి. ఎరుపు మాత్రం ఎండ తగిలే చోట పెడితే త్వరగా గోధుమ రంగులోకి దిగిపోతుంది. ఎర్రటివి కిటికీకి దూరంగా ఉంచండి.

ఇంకొక పద్ధతి ప్రచారంలో ఉంది: ఆకుల్ని కరిగించిన తేనెమైనంలో ముంచి తీయడం. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మరుగుతున్న నీళ్ల గిన్నెలో మైనం గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. కాడ పట్టుకుని ముంచి, విదిలించి, దండెం మీద వేలాడదీస్తే రంగు చక్కగా నిలుస్తుంది, ఆకు మీద పలచటి నిగారింపు వస్తుంది. నేనూ చేస్తాను. కానీ ఒకసారి ఆలోచించండి, ఎండుటాకు నారకు మైనం పట్టించడమంటే వత్తిని తయారుచేయడమే. అలాంటి ఆకుల్ని గోడకు వేలాడే దండగా కట్టండి. మంట ఉన్న బల్ల దగ్గరికి వాటిని గాజు అడ్డమున్నా రానివ్వకండి. గ్లిజరిన్ పట్టిన ఆకు కూడా కాలుతుంది, మెత్తగా ఉందని తడిగా ఉన్నట్టు కాదు.

గుమ్మడికాయ తొలిచి లోపల దీపం పెడతామంటే పెట్టండి, మూత మాత్రం తీసేయండి. లేకపోతే మూత అడుగు మాడి గదంతా కమురు వాసన. తొలిచిన కాయ కొద్ది రోజుల్లోనే మెత్తబడి కుళ్లుతుంది, విందు రోజునే తొలవండి.

ఏ రకం కొనాలి అన్న ప్రశ్నకు వస్తే, మీరు అనుకుంటున్నంత పెద్ద విషయం కాదది. పళ్లెంలోకి లావుపాటి పిల్లర్ కొవ్వొత్తులు, 7 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్నవి. బల్ల మీదకి సన్నటి టేపర్లు. సోయా మైనం మెత్తన, కాబట్టి ఎక్కువగా గ్లాసులో పోసినవే దొరుకుతాయి. పారఫిన్ గట్టిగా నిలుస్తుంది, చవక. తేనెమైనం ఖరీదు, కానీ దాని సహజమైన తేనె రంగు, లేత వాసన ఈ కాలానికి అంతలా నప్పుతాయి కాబట్టి ఒంటరిగా పెట్టే ఏడో కొవ్వొత్తికి అదే కొనమంటాను. దాని మీద తెల్లటి పొడిలాంటి పొర వస్తే పాడైందనుకోకండి, మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుంది. తేనెమైనం గాలిని శుభ్రం చేస్తుందని రాసి అమ్ముతుంటారు, అది నమ్మకండి. మండే ఏ మైనమైనా గదిలోని ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వదులుతుంది. చలికి కిటికీలన్నీ బిగించుకునే రోజులు కాబట్టి, గంటకోసారి కాసేపు ఎదురుగాలి తగలని కిటికీ ఒకటి తెరవండి.

మైనం కంటే వత్తి ముఖ్యం. పూర్వం కొవ్వొత్తుల వత్తులు మెలితిప్పిన నూలు దారాలు. అవి తిన్నగా మంట మధ్యలో నిలబడి పూర్తిగా కాలేవి కావు, మసి ముద్ద కట్టేవి, ఎవరో ఒకరు అస్తమానం కత్తిరిస్తూ కూర్చోవాల్సి వచ్చేది. 1820ల్లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన జడలా అల్లిన వత్తిని తెచ్చాడు. అల్లిక వల్ల వత్తి కాలుతూ పక్కకు వంగుతుంది, దాని కొస మంట అంచుకు, గాలి బాగా తగిలే చోటికి వచ్చి బూడిదై పోతుంది. ఇవాళ మీరు పెట్టే కొవ్వొత్తుల్లో ఎక్కువగా ఆ సూత్రమే పనిచేస్తోంది. అయినా వెలిగించే ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించండి. పొడవాటి వత్తి అవసరానికి మించి మైనాన్ని పైకి లాగుతుంది, అదంతా కాలడానికి గాలి చాలదు, మిగిలింది మసి. మీ గోడ మీదకి వచ్చింది అదే. దానికి తోడు ఎదురుగాలి తగిలితే మంట ఊగి ఇంకాస్త మసి వదులుతుంది. కొవ్వొత్తికి గోడకు మధ్య కనీసం ఒక మూర దూరం వదలండి. మంట నాట్యమాడుతూ ఉంటే చూడటానికి బాగుందని వదిలేయకండి, ఏ వైపు గాలి వస్తోందో చూసి కొవ్వొత్తి జరపండి.

కొత్త పిల్లర్‌ను మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం మడుగు అంచు దాకా చేరేవరకు ఆర్పకండి. రెండున్నర సెంటీమీటర్ల అడ్డుకొలతకు గంట చొప్పున లెక్కేసుకోండి, 7 సెంటీమీటర్లదానికి దాదాపు మూడు గంటలు. అరగంటకే ఆర్పేస్తే నడుమ చిన్న గుంట పడి, తర్వాత ప్రతిసారీ అదే గుంటలోకి దిగుతూ చివరకు బావిలో దీపంలా అయిపోతుంది. అలా అయినదానికి అల్యూమినియం రేకును అంచు చుట్టూ మూతలా కప్పి, మధ్యలో మంటకు కన్నం వదిలి ఓ గంట కాలనివ్వండి. వేడి లోపలే నిలిచి అంచులు కరిగి సమమవుతాయి. పండుగో విందో ఉన్న రోజున కొత్త కొవ్వొత్తి వాడకుండా ముందు రోజే ఒకసారి వెలిగించి ఉంచుకోండి, కొత్త వత్తికంటే ఒకసారి కాలిన వత్తి త్వరగా అందుకుంటుంది కూడా. ఏకబిగిన నాలుగు గంటలు దాటి వెలిగించొద్దు.

టీలైట్లు చవకని గుత్తగా దగ్గర దగ్గరగా పెట్టేవాళ్లున్నారు. అవి ఒకదాన్నొకటి వేడి చేసుకుని, చిన్న గిన్నెల్లోని మైనమంతా ఒక్కసారిగా అంటుకునే ప్రమాదం ఉంది. ఏ రెండు మంటల మధ్యా కనీసం 8 సెంటీమీటర్లు ఉండాలి.

సువాసన గురించి నా అభిప్రాయం గట్టిది. గదికి ఒక్కటే, అదీ అతిథులు రాకముందు గంట వెలిగించి ఆర్పేయాలి. దాల్చినచెక్క, లవంగం, దేవదారు లాంటి వాసనలు ఈ కాలానికి నప్పుతాయి, కానీ రెండు కలిస్తే రెండూ చెడతాయి. ఇంట్లోవాళ్ల ముక్కు పావుగంటలో అలవాటుపడిపోయి వాసన రావట్లేదని ఇంకోటి వెలిగిస్తారు. బయటినుంచి వచ్చినవాళ్లకు తలనొప్పి. భోజనాల బల్ల మీద సువాసన కొవ్వొత్తి అసలు వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లో, పంజరంలో పక్షులో ఉన్న ఇంట్లో నేను సువాసనవి పూర్తిగా మానేస్తాను.

బ్యాటరీ కొవ్వొత్తులు పెడితే తక్కువా అని చాలామంది అడుగుతారు. చేతికి అందే దూరంలో పెడితే తేడా తెలిసిపోతుంది. నాలుగు మీటర్ల అవతల, పుస్తకాల అర మీదో మెట్ల మీదో పెడితే ఎవరికీ తెలియదు. అందుకే దగ్గర అసలు మంట, దూరాన బ్యాటరీవి పెడతాను. పైన్ కాయలు, మైనం పూసిన ఆకుల మధ్య పెట్టుకోవడానికి ఇవే సరైనవి. పసిపిల్లలు పాకే ఇంట్లో, పిల్లి తిరిగే ఇంట్లో అన్నీ ఇవే పెట్టి వచ్చిన సందర్భాలున్నాయి, ఆ గదులు కూడా అందంగానే ఉన్నాయి.

అతిథులు వచ్చే వేళకు ఇరవై నిమిషాల ముందు వెలిగించండి. ముందు గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు రండి, మండుతున్న కొవ్వొత్తి మీదుగా చెయ్యి చాపే పని ఉండదు.

ఆర్పేటప్పుడు ఊదకండి. ఊదితే వేడి మైనం చిమ్ముతుంది, తెల్లటి పొగ లేచి గదంతా వాసన. ఆ పొగ నిజానికి మైనపు ఆవిరి. మైఖేల్ ఫారడే 1860 చివర్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి మీద ప్రసంగాలు చేస్తూ, ఆర్పిన వెంటనే ఆ పొగకు నిప్పు చూపించి మంట దాని వెంట జారి వత్తిని మళ్లీ అంటుకోవడం చేసి చూపించాడు. సన్నటి కడ్డీతో వత్తిని వంచి కరిగిన మైనంలో ముంచి మళ్లీ నిలబెట్టండి, పొగ రాదు, వత్తికి మైనం పట్టి మరుసటి రోజు తేలిగ్గా అందుకుంటుంది. గ్లాసులో పోసినవైతే అడుగున ఒక సెంటీమీటరు పైచిలుకు మైనం ఉండగానే ఆపేయండి, లేకపోతే గాజు చిట్లుతుంది. ఎప్పుడైనా మైనమే అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని నలువైపులా చిమ్ముతాయి. లోహపు మూత గానీ గిన్నె గానీ కప్పేయండి. అందుకే కొవ్వొత్తులు ఉన్న బల్ల పక్కన ఒక గిన్నె ఎప్పుడూ ఉంచుతాను. ఏ మంటనూ గదిలో ఒంటరిగా వదిలి వెళ్లను. నిద్ర వచ్చేలా ఉంటే ముందే ఆర్పేస్తాను.

ఇక మీ గోడ. తడి గుడ్డతో రుద్దారా, లేదా ఇంకా ముట్టుకోలేదా అన్నది రాయలేదు. ముట్టుకోకపోతే అదృష్టమే. మసి పొడి, నూనె కలిసిన పదార్థం, నీళ్లు తగిలితే గోడ రంగులోకి ఇంకిపోతుంది. ముందు మెత్తటి బ్రష్షు తగిలించిన వాక్యూమ్‌తో గోడను నొక్కకుండా పైపైన లాగండి. తర్వాత పొడి స్పాంజితో పై నుంచి కిందికి, ఒకే దిశలో తుడవండి. స్పాంజి నల్లబడగానే ఆ ముఖం మార్చండి. ఇంకా మరక మిగిలితే అప్పుడు మాత్రమే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, బాగా పిండిన గుడ్డతో, తలుపు వెనక కనబడని చోట మొదట ప్రయత్నించి చూడండి. ఇప్పటికే తడి గుడ్డతో రుద్ది ఉంటే, గోడకు వేసింది ఏ రకం రంగో రాయండి, మిగతాది దాన్నిబట్టి చెబుతాను.